చెవిని అడగని కమ్మ

తీగెతో చెవికమ్మలు చెయ్యడం ఎంత సులువో చెప్తే మీరు నమ్మరు. జానెడు రాగితీగె, ఒక నోస్ ప్లయరు, ఒక ఆకురాయి, ఒక పెన్ను ఉంటే చాలు. పెన్ను రాయడానికి కాదు, తీగెను దానిచుట్టూ తిప్పి వంపు తేవడానికి. అరగంటలో జత తయారు. తర్వాతి అరగంట, ఇంట్లో ఎవరు కనిపిస్తే వాళ్ళకి చూపించి "ఎలా ఉన్నాయి?" అని అడగడానికి.

కరెంటాఫీసులో ముప్ఫై ఏళ్ళు తీగెలతో కాపురం చేసి రిటైరైనవాణ్ణి. చేతులు ఊరుకోవు గదా! "ఇన్నాళ్ళూ స్తంభాలకి వేలాడదీశారు, ఇహ చెవులకి వేలాడదీస్తారు కాబోలు" అంది మా ఆవిడ. నేను పట్టించుకోలేదు.

రాగి మంచి లోహమండీ. మోటారు వైండింగు షాపులో అడిగితే తూకానికి ఇస్తారు. దానిమీద పల్చటి వార్నీషు పూత ఉంటుంది, గీకెయ్యాలి. వంచుతున్నకొద్దీ రాగి బిగుసుకుంటుంది. ఒకే చోట పదేపదే వంచితే పుటుక్కున విరుగుతుంది. ఎర్రగా కాలిస్తే మళ్ళీ మెత్తబడుతుంది. ఉక్కుని కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. రాగిని ముంచినా మెత్తగానే ఉంటుంది. మనుషుల్లోనూ ఈ రెండు రకాలూ ఉన్నారని నాకు అనిపిస్తుంది గానీ, అది వేరే వ్యాసం.

నా మొదటి జత మా కోడలికి వెళ్ళింది. "చాలా బాగున్నాయి మామయ్యగారూ" అంది. రెండోది పక్కింటావిడకి. "అచ్చం షాపులోవి లాగే ఉన్నాయండీ" అన్నారావిడ. మూడో జత సంక్రాంతికి మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురికి ఇచ్చాను. ఏడో క్లాసు చదువుతోంది. సాయంత్రాలు తల్లితో వచ్చి, మా వరండాలో కూర్చుని లెక్కలు చేసుకుంటుంది.

ఆ జత మీద నేను ప్రత్యేకమైన శ్రద్ధ తీసుకున్నాను. రాగికి చెమట తగిలితే పచ్చగా చిలుము పడుతుంది, చెవి రంగు మారుతుంది అని మా ఆవిడ హెచ్చరించింది. అందుకని చుట్టలు మాత్రం రాగితో చుట్టి, చెవిలోకి వెళ్ళే కొక్కేలు ఫ్యాన్సీ షాపులో కొన్నాను. తళతళలాడుతున్నాయి. వెండి అంటే వెండే! పిల్ల మొహం వెలిగిపోయింది. నా మొహం ఇంకా ఎక్కువ వెలిగిందట, మా ఆవిడ చెప్పింది.

ఆ రోజు మొదలు పిల్ల వచ్చినప్పుడల్లా చెవులకి నా కమ్మలే. నేను రోజూ ఓ కంట చూసి మురుసుకునేవాణ్ణి.

మూడు వారాలయ్యాక ఓ సాయంత్రం మా ఆవిడ నన్ను మేడమీదికి పిలిచింది. "మాట్లాడకుండా గేటు వైపు చూడండి" అంది. తల్లీ కూతుళ్ళు వస్తున్నారు. గేటు దగ్గర పిల్ల ఆగింది. సంచీలోంచి చిన్న కాగితం పొట్లం తీసింది. అందులోంచి నా కమ్మలు తీసి, కళ్ళు గట్టిగా మూసుకుని ఒక చెవికి పెట్టుకుంది. ఓ క్షణం ఆగి రెండో చెవికి పెట్టుకుంది. జుట్టు చెవుల మీదికి లాక్కుని లోపలికి వచ్చింది.

దగ్గరికి పిలిచి జుట్టు తీసి చూస్తే, రంధ్రాల చుట్టూ ఎర్రగా వాచి రసి కారుతోంది.

"మరి ఎందుకు పెట్టుకున్నావే తల్లీ?" అంటే మాట్లాడదు. తల్లే చెప్పింది: "సారు స్వయంగా చేసి ఇచ్చారు గదండీ, పెట్టుకోకపోతే బావుండదని నేనే అన్నానండీ."

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆ కొక్కేల తళతళ వెండిది కాదు, నికెల్‌ది అన్నారు. నికెల్ కొందరి ఒంటికి పడదట. ఒకసారి పడకపోవడం మొదలైతే సాధారణంగా అది జన్మంతా ఉండిపోతుందట. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఒంటికి తగిలే నగల్లోంచి ఎంత నికెల్ ఊడి రావచ్చో ఐరోపా దేశాలు 1994లోనే చట్టం చేసుకున్నాయని. లోహాలతో బతికినవాణ్ణి! తీగె సంగతి అంతా తెలుసు. చెవి సంగతి తెలుసుకోవాలని తోచలేదు.

నా మిత్రుడొకాయన ఓదార్చాడు. "నువ్వు మంచి మనసుతో ఇచ్చావు. ఫలితం నీ చేతిలో లేదు. బాధపడకు" అన్నాడు. ఆ మాట పట్టుకుని రెండ్రోజులు హాయిగా ఉన్నాను. మూడో రోజు అనుమానం వచ్చింది. నా మనసు మంచిదే అనుకుందాం. మరి ఆ పిల్ల ఇరవై రోజులపాటు గేటు దగ్గర కళ్ళు మూసుకుని పడిన బాధ ఎవరి ఖాతాలో రాయాలి? కొక్కెం చేసిన కంపెనీ ఖాతాలో కొంత రాయొచ్చు. అది వాపుకి సంబంధించిన పద్దు. వాచిన చెవికి మళ్ళీ మళ్ళీ పెట్టుకోవడం ఉందే, ఆ పద్దు మాత్రం నాదే.

ఎందుకంటే నేను ఉచితంగా ఇచ్చాననుకున్నాను గానీ, దానికి ఖరీదు పెట్టాను. ఆ పిల్ల రోజూ నా కళ్ళముందు పెట్టుకు తిరగాలి, నేను మురిసిపోవాలి. అదీ ఖరీదు. ఆ పిల్ల రోజువారీ వాయిదాల్లో చెల్లించింది.

మా చిన్నప్పుడు మా చెల్లెలికి చెవులు కుట్టిన కంసాలి తాత గుర్తొచ్చాడు. ఆలోచిస్తే మన ఆడపిల్లల మొదటి కమ్మ తీగె కమ్మే. కమ్మచ్చు రంధ్రంలోంచి లాగిన సన్నటి బంగారు తీగె. దాని మొన సూదిలా సానబట్టి, దానితోనే చెవి కుట్టి, అక్కడే రింగులా మెలిపెట్టేవాడు. అంతకంటే చవకది లేదా అంటే, వేపపుల్ల ఉంది. దానికంటే పాతది తాటాకు. తాటాకునీ కమ్మ అనే అంటాం, చెవినగనీ కమ్మ అనే అంటాం. ఆకు చుట్టి చెవిలో పెట్టుకున్న కాలం ఆ మాటలో మిగిలిపోయింది.

ఆ తాత మూడోనాడు మళ్ళీ మా ఇంటికొచ్చాడు. చెల్లెల్ని ఒళ్ళో కూచోబెట్టుకుని, "నొప్పెడుతోందా అమ్మా? అబద్ధం చెప్పకు, నేనేం అనుకోను" అన్నాడు. ఆ తర్వాత 1963లో బంగారం నియంత్రణ వచ్చి, 14 క్యారెట్లు మించిన నగలు చెయ్యకూడదన్నారు. చాలామంది కంసాలుల కుంపట్లలాగే ఆయనదీ చల్లారింది. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నాకిన్నాళ్ళకి వినిపించింది. ఆయన చెవి ఎలా ఉందని అడిగాడు. నేను కమ్మలు ఎలా ఉన్నాయని అడిగాను.

దేశం, కాలం, పాత్ర చూసి దానం చెయ్యమని గీతలో ఉంది. పాత్ర అంటే పుచ్చుకునేవాడు అర్హుడా కాదా అని మనం లెక్కలు వేస్తాం. ఇచ్చినది అవతలివాళ్ళకి సరిపడుతుందా అన్నదీ ఆ మాటలోనే ఉందని నాకిప్పుడనిపిస్తోంది.

"అయితే ఇహమీదట అందరినీ అడిగి ఇస్తారా? అడిగి పెడితే అది కానుకేనా?" అంది మా ఆవిడ. నిజమే. పైగా, "కావాలా?" అని నేనడిగితే ఆ పిల్ల "కావాలి" అనే అంటుంది. "బాగున్నాయా?" అంటే "బాగున్నాయి" అంటుంది. వాళ్ళమ్మ జీతం మా ఇంట్లోంచి వెళుతోంది మరి! మా కోడలికైనా ఆ మొహమాటమే గదా. కాదనలేనివాళ్ళని అడగడం అడగడం కాదు. ముందు కాదనడానికి వాళ్ళకో దారి వెయ్యాలి. "నేనేం అనుకోను" అని తాత వేసిన దారి లాంటిది. నోటితో అంటే చాలదు, నిజంగా ఏమీ అనుకోకుండా ఉండటం నేర్చుకోవాలి. అది తీగె వంచడం కంటే చాలా కష్టం.

చెవులు మానాయి. ఆ పిల్ల ఇప్పుడు ఏమీ పెట్టుకోదు. నేనూ ఏమీ ఇవ్వలేదు. ఓ ఆదివారం ప్లయరు, తీగె ముందు పెట్టి, "చేస్తావా?" అన్నాను. చేసింది. ఎవరికనుకున్నారు? మా ఆవిడకి.

మా ఆవిడ పెట్టుకుని అద్దంలో చూసుకుని, "ఎడమదేమిటే, దిష్టిబొమ్మ చెయ్యిలా వంకరపోయిందీ?" అంది. నా గుండె గుభేలుమంది. పిల్ల మాత్రం పకపకా నవ్వి, దాన్ని తీసుకుని సరిచెయ్యడానికి కూర్చుంది. వంచుతూ వంచుతూ, తల ఎత్తకుండా నాతో అంది: "మీరిచ్చినవి బాగా బరువుండేవండీ. డిజైను కూడా కొంచెం పాతదండీ."

ఇంతవరకూ నా కమ్మలకి వచ్చిన మెప్పులన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు.