రీఫండ్ వచ్చేదాకా ఆగిన డబ్బు

చి॥ కిరణ్‌కి,

ఈసారి పన్ను రీఫండ్ 5,200 డాలర్లు వస్తోందని మొన్న ఫోన్లో సంబరంగా చెప్పావు. కోడలికి గాజులు, ఇంట్లోకి పెద్ద టీవీ అని లెక్కలు కూడా వేసుకున్నారట. వద్దనను. కానీ ఏళ్ల తరబడి పేరోల్‌లో పనిచేసినవాణ్ణి కదా, ఆ అంకె వినగానే జీతంలో పన్ను ఎంత కోయాలో కంపెనీకి చెప్పే నీ డబ్ల్యూ-4 ఫారం నాకు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజు ‘సింగిల్’ అని టిక్కు పెట్టి ఇచ్చిందే ఇంకా నడుస్తోంది. తర్వాత పెళ్లయింది, పాప పుట్టింది. ఆ సంగతి మీ పేరోల్ వాళ్లకి ఎవరు చెప్పారు? అందుకే ఏడాదిలో వచ్చే 26 చెక్కుల్లో ఒక్కోదాన్నించి సుమారు 200 డాలర్లు ఎక్కువ కోసుకుంటూ పోయారు. ఇప్పుడు వస్తున్నది బహుమానం కాదురా, నీ జీతమే ఆలస్యంగా ఇల్లు చేరుతోంది.

జీతంలోనే పన్ను కోసే ఈ పద్ధతి ఇక్కడ అమెరికాలో 1943లో, యుద్ధం ఖర్చుల కాలంలో స్థిరపడింది. అంతకుముందు ఒక ఏడాది సంపాదనకి పన్ను మరుసటి ఏడాది కట్టేవాళ్లు. కట్టే రోజుదాకా డబ్బు దాచి ఉంచే ఓపిక జనానికి ఉండదని సర్కారు బాగానే కనిపెట్టింది.

‘ప్రభుత్వానికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నావు’ అని ఆఫీసులో ఎవరో ఎగతాళి చేశారన్నావు. మాట నిజమే. కానీ ఆ వడ్డీ ఎంతో వాళ్లు లెక్క కట్టారా? నాలుగు శాతం వచ్చే సేవింగ్స్‌లో ఆ 200 ఎప్పటికప్పుడు వేసినా ఏడాది తిరిగేసరికి వచ్చేది వంద డాలర్ల పైచిలుకు. అంతమాత్రానికి విర్రవీగక్కర్లేదు. నీకు దెబ్బ తగిలింది వేరే చోట. క్రెడిట్ కార్డు మీద 4,000 డాలర్ల బాకీ ఏడాది పొడుగునా 22 శాతంతో నడిచిందని నువ్వే చెప్పావు. వడ్డీ 880 డాలర్ల దాకా అవుతుంది. ఆ 200 చెక్కు చెక్కుకీ కార్డుకి కట్టి ఉంటే అందులో సగమైనా మిగిలేది.

ఇంకోటి ఉంది, రాయడానికి మనసొప్పడం లేదు. దసరాకి మీ నాన్న శుక్లాల ఆపరేషన్ మాటొస్తే, ‘మార్చిలో రీఫండ్ రాగానే పంపుతాను’ అన్నావు. నీ మనసు మంచిదే, డబ్బే బ్యాంకులో లేదు. ‘తొందరేం లేదులే’ అన్నాడు వాడు. మీ నాన్న ఏనాడైనా తొందరుందన్నాడా? తెనాలిలో పేపరు మీ అమ్మ చదివి వినిపిస్తే వింటున్నాడు. ఆ దసరానాటికే దాదాపు 4,000 డాలర్లు నీ పేరున జమై ఉన్నాయి, నీ చెయ్యి అందని చోట.

చేతికొస్తే ఖర్చయిపోతుంది, అక్కడుంటే భద్రం అంటావు. ఆ మాట కొట్టిపారెయ్యను, దాచుకోలేనివాళ్లని చాలామందిని చూశాను. కానీ బిడ్డ తండ్రివయ్యాక కూడా నీ హుండీ తాళంచెవి ఇంకొకరి దగ్గరే ఉండాలా?

అలాగని రీఫండ్ కోసం కాచుక్కూర్చునే వాళ్లందర్నీ చూసి నవ్వకు. చిన్న జీతాల మీద పిల్లల్ని పెంచేవాళ్లకి ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ కింద తాము కట్టిన పన్నుకంటే ఎక్కువే రావచ్చు. చట్ట ప్రకారం ఫిబ్రవరి మధ్యదాకా అది విడుదల కాదు. వాళ్లకది కారు రిపేరు, బాకీపడ్డ అద్దె.

ఇక పని చూడు. పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో విత్‌హోల్డింగ్ ఎస్టిమేటర్ ఉంది. జీతం స్లిప్పు పక్కన పెట్టుకుని లెక్క చూసి, కొత్త డబ్ల్యూ-4 ఇవ్వు. మూడో స్టెప్‌లో పాపని చూపించు. మీ టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి నీకు ఫెడరల్ ఒక్కటే గొడవ. అయితే మరీ సున్నాకి లాగకు. హైదరాబాద్ బ్యాంకులో నీ ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి అక్కడ పన్ను లేకపోయినా ఇక్కడ ఉంది, దానిమీద ముందుగా కోసేవాళ్లు ఎవరూ లేరు. ఆ వడ్డీ అంకె ఫారంలో 4(ఎ) దగ్గర రాయి. రిటర్న్ వేసేనాటికి 1,000 డాలర్లో ఆపైనో బాకీ తేలి, ఈ ఏడాది పన్నులో 90 శాతం గానీ పోయినేటి పన్నంత గానీ ముందే కట్టి ఉండకపోతే పెనాల్టీ పడుతుంది. పోయినేడు ఆదాయం 1,50,000 డాలర్లు దాటినవాళ్లకైతే ఆ పోయినేటి పన్ను లెక్క 110 శాతం. కోడలు ఉద్యోగంలో చేరితే మళ్లీ కొత్త ఫారం ఇవ్వాలి, మరిచిపోకు.

చెక్కులో పెరిగినది చెకింగ్‌లో కలిసిపోనివ్వకు. ముందు కార్డు బాకీకి కట్టు, అది తీరాక వేరే సేవింగ్స్ అకౌంట్‌కి తిన్నగా పడేలా పేరోల్ వాళ్లకి చెప్పు. మీ నాన్నకి మాత్రం నెలనెలా కొంత, వాడు అడక్కముందే వెళ్లాలి.

ఈ రీఫండ్ రాగానే మొదట ఆపరేషన్‌కి కావలసింది తెనాలి పంపు. నేను రాస్తే పంపావని మీ నాన్నకి తెలియనివ్వకు. తెలిస్తే వద్దంటాడు.

పెదనాన్న
ఎడిసన్, న్యూజెర్సీ