తెలుసు అన్న మాటకు పరీక్ష



ఒక ప్రశ్న. హెచ్‌ఐవి ఉన్న మనిషి అమ్మే కూరగాయలు మీరు కొంటారా? ముందు మీ మనసులో జవాబు చెప్పుకోండి. ఆ తర్వాతే కింది మాటలు చదవండి.

ఇది నేను పుట్టించిన ప్రశ్న కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవాళ్ళు ఇళ్ళకు వచ్చి అడిగే ప్రశ్నల్లో ఒకటి. దోమకాటుతో ఎయిడ్స్ వస్తుందా, కలిసి తింటే వస్తుందా, ఆరోగ్యంగా కనిపించే మనిషిలో ఈ వైరస్ ఉండవచ్చా అని కూడా అడుగుతారు. 2019-21 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళవారిలో నివారణ మార్గాలు తెలిసి, ముఖ్యమైన అపోహలను కాదనగలిగినవాళ్ళు స్త్రీలలో నూటికి సుమారు 22 మంది, పురుషుల్లో 31 మంది. మన దేశంలో ఈ వైరస్‌ను మొదట గుర్తించింది 1986లో. ఇన్నేళ్ళ ప్రచారం తర్వాత కూడా లెక్క ఇలా ఉంది.

ఆ కొద్దిమందిలో మనమూ ఉన్నామనే అనుకుందాం. అంతటితో పాసైపోయినట్టేనా?

కేసపుత్త గ్రామంలో కాలాములు బుద్ధుణ్ణి అడిగింది గుర్తుందా? ఒక్కో గురువు ఒక్కో మాట చెబుతున్నాడు, ఎవరిని నమ్మాలి అన్నారు. పరంపరగా వస్తోందనో, గ్రంథంలో ఉందనో, గురువు చెప్పాడనో ఒప్పుకోవద్దన్నాడు బుద్ధుడు. మనం సభల్లో ఇంతవరకే చెప్పి ఆపేస్తాం. ఆయన అక్కడ ఆగలేదు. లోభం, ద్వేషం, మోహం మనిషికి మేలు చేస్తాయా, కీడు చేస్తాయా అని ఎదురు ప్రశ్నలు వేశాడు. కీడే అని వాళ్ళ నోటితోనే చెప్పించాడు. కీడని తెలిశాక వదిలేయమన్నాడు, మేలని తెలిశాక అలా బతకమన్నాడు. ధమ్మంలో తెలుసుకోవడం నడవడికలోకి వచ్చినప్పుడే పూర్తవుతుంది.

ఇప్పుడు హెచ్‌ఐవి సంగతి చూడండి. ఇది వచ్చే దారులు నాలుగే: రక్షణ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తం ఎక్కించడం, ఒకరు వాడిన సూది మరొకరు వాడటం, తల్లి నుంచి బిడ్డకు. కరచాలనంతో రాదు. ఒకే కంచంలో తిన్నా రాదు. దోమ వల్ల రాదు. ఇదంతా గడగడా చెప్పగలిగినవాళ్ళే ఆ ఇంటికి వెళ్ళినప్పుడు మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచి వస్తారు. అతను తాగిన గ్లాసు విడిగా పెడతారు.

వేరే గ్లాసు అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. హోటల్ బయట మన తాతలకు వేరే గ్లాసు ఉండేది. తాగి, తామే కడిగి పెట్టేవాళ్ళు. ముట్టుకుంటే మైలపడతామని ఆనాడు వాళ్ళూ "తెలిసే" అన్నారు. 1927లో మహాడ్ చెరువు నీళ్ళు దోసిలితో ఎత్తి బాబాసాహెబ్ ఆ తెలివినే ప్రశ్నించారు. అదే గ్లాసు ఈరోజు మన ఇంటి గూట్లో ఉంటే ఆ పోరాటానికి మనం ఏం జవాబు చెప్తాం?

"చేసుకున్న కర్మ" అనే మాట కూడా వింటుంటాం. మనల్ని ఊరి బయట ఉంచడానికి చెప్పిందీ ఆ మాటే కదా. మూడో శీలం తప్పినందుకు ఇది శిక్ష అని మన ఉపాసకుల్లోనే కొందరంటారు. భర్త నుంచి సోకిన ఇల్లాలు ఏ శీలం తప్పింది? కడుపులో ఉన్న బిడ్డ ఏం తప్పింది? అసలు తప్పినవాడే అయినా, పంచశీలాలు మన నడకను చూసుకోవడానికి తీసుకున్నాం, పక్కవాడి మీద తీర్పు చెప్పడానికి కాదు. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువు దగ్గరికి వచ్చి, నీకేం జబ్బు, చూసేవాళ్ళు లేరా అని అడిగాడు బుద్ధుడు. ఏం తప్పు చేశావని అడగలేదు. ఆనందుడితో కలిసి తన చేతులతో కడిగాడు. రోగికి చేసే సేవ తనకు చేసే సేవతో సమానమన్నాడు.

మరి మనం చేయాల్సింది? ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీలో పరీక్ష ఉచితం. అనుమానం ఉంటే సిగ్గుపడకుండా వెళ్ళండి. 2004 నుంచి ఏఆర్‌టీ మందులూ ఉచితంగా ఇస్తున్నారు. అవి రోజూ వాడుతూ, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గి అలాగే నిలిస్తే, లైంగికంగా మరొకరికి సోకదు. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయండి. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో, అద్దె ఇంటి విషయంలో వివక్షను నిషేధించింది. నమ్మకంతో చెప్పిన ఒకరి హెచ్‌ఐవి సంగతిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్నీ ఆ చట్టం ఒప్పుకోదు. కాబట్టి విహారంలో ఎవరికి ఉందని ఆరా తీయకండి. తెలిసినా మీలోనే ఉంచుకోండి.

వచ్చే డిసెంబరు 1న, ఎయిడ్స్ దినాన, మీ విహారంలో ఈ ప్రశ్నలు అడగండి. జవాబులు సరిగ్గానే వస్తాయి. ఆ తర్వాత అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినండి. పక్కన ఎవరు కూర్చున్నారో అడగకుండా తినగలిగితే, తెలుసు అన్న మన మాట నిజం.

నమో బుద్ధాయ. జై భీమ్.