నియమమునకును వాయిదాకును గల భేదము

సంవత్సరాదినాడు మహానియమములను గైకొని వారము తిరుగకముందే విడిచిపెట్టుట మనలో ననేకుల కనుభవమే. "రేపటినుండి ఊరగాయ ముట్టను, తెల్లవాఱుజామున రెండు క్రోసులు నడిచెదను" అని ప్రతిజ్ఞ చేసినవాడు మూడవనాడే తప్పినచో, వానికి గలుగు నష్టము నడక పోవుట మాత్రమే గాదు. తన మాటను తానే నమ్మరాదని యాతడు తనకు బోధించుకొన్నవా డగును. నాలుగుసారు లిట్లు జరిగినపిమ్మట ప్రతిజ్ఞ చేయుటకే సిగ్గు పుట్టును. కావున శక్తికి మించిన నియమము ఘనమైన నీతికి గుఱుతు గాదు.

ఈ విచారము మన గోదావరి ప్రాంతమువారికి మిక్కిలి యావశ్యకము. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003-04లో సంభవించిన మరణముల కారణములను వైద్యపరిశోధకులు విచారించి 2006లో ప్రకటించిరి. గుండెజబ్బు, పక్షవాతము మొదలగు రక్తప్రసరణవ్యాధులవలన నూటికి సుమారు 32 మంది మృతిజెందినట్లు తేలెను. తెలుగుదేశపు కొన్ని ప్రాంతములలో పెద్దవారు సగటున దినమునకు సుమారు 9.5 గ్రాముల యుప్పు దినుచున్నారని మఱియొక పరిశోధన 2017లో తెలిపినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించిన హద్దు 5 గ్రాములలోపే. ఊరగాయయు, అప్పడమును, ఉప్పుచేపయు నొక్కదినమున మనపై దండెత్తి రాలేదు. ముద్దవెంట ముద్దగా వచ్చినవి. వచ్చిన దారినే వానిని సాగనంపుట యుక్తము.

కాటను దొర 1847లో ధవళేశ్వరమున నారంభించి 1852లో ముగించిన యానకట్టను మన మెఱుగుదుము. ఆనకట్ట యొక్కటియే గింజను పండింపలేదు. నీరు పెద్దకాలువనుండి పిల్లకాలువలోనికిని, అందుండి బోదెలోనికిని దిగి, రైతు పారతో గండి తీసినప్పుడు గదా మడి తడియుట! సంకల్పము ఆనకట్టవంటిది; దినచర్యలోని చిన్న నియమము బోదెవంటిది. బోదె త్రవ్వనివానికి నది నిండుగా బ్రవహించినను ప్రయోజనము లేదు.

నా సంగతియే చెప్పెదను. వైద్యుడు హెచ్చరింపగా నేను ప్రతిదినమును ధవళేశ్వరమువఱకు నడువ నిశ్చయించి యైదవనాడు మానితిని. పిమ్మట, రాత్రి భోజనముచేసి చేయి కడుగుకొనినవెంటనే వీధిచివఱవఱకు బోయివచ్చుట మాత్రమే నియమముగా బెట్టుకొంటిని. చేయి కడుగుకొనుటయే నాకు గంట కొట్టినట్లయ్యెను. నెలలు గడువగా నడక గోదావరిగట్టును జేరినది. విస్తరిలోని ఊరగాయను సగము చేసితిని. కొన్ని వారములు చప్పగా దోచిన కూరలే తరువాత రుచించెను. లండనులో 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన పరిశోధనలో, చిన్నపని యలవాటగుటకు నడిమి లెక్కను 66 దినములు పట్టెననియు, మనుష్యునిబట్టి యది 18 మొదలు 254 దినములవఱకు మాఱుననియు, ఒక్కనాడు తప్పినంతమాత్రమున పని చెడదనియు దేలినది.

ఇచ్చట నొక యాక్షేపణ కలదు. "మెల్లమెల్లగా" ననుమాట సోమరికి కవచము గాదా? న్యాయస్థానములలో నిరువదియేండ్లుగా వాయిదాలను జూచుచున్నవాడను గావున నేనీ ప్రశ్నను త్రోసివేయజాలను. వాయిదా నేడేమియు జేయక రేపటినిగూర్చి గొప్పగా బలుకును. క్రమాభ్యాసము నేడే కొంచెము చేయును. వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించి, ఆ యేటనే వివేకవర్ధనిని వెలువరించి, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున ప్రథమ వితంతువివాహమును జరిపించిరి. నడుమనున్న యేడేండ్లును వాయిదాలు గావు. దినదినమును బోదె త్రవ్విన కాలము.

మఱియొక హద్దును గూడ మఱవరాదు. ఇతరులకు జేయు నన్యాయమును కొంచెముకొంచెముగా మానెదననుట చెల్లదు. భార్యను గొట్టువాడు దినమున కొక దెబ్బ తగ్గించుట సంస్కారము గాదు. అది నేడే, పూర్తిగా మానవలసిన నేరము. మన నాలుకతోను, మన కాళ్లతోను మనము చేసికొను నొప్పందములకే క్రమము తగును.

కావున చదువరులారా! ఈ రాత్రి భోజనమునకు గూర్చుండినప్పుడు ఒక్క చిన్న మార్పును మాత్రమే యెంచుకొనుడు. అది యెంత చిన్నదైనను దానిని నెరవేర్చిన మనుష్యుడు తన మాటను నిలుపుకొన్నవాడు. ఒకనాడు తప్పినచో ప్రాయశ్చిత్త మక్కఱలేదు. మఱునాడు మరల మొదలిడిన జాలును.