తాడు పట్టే చెయ్యి

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. ఎత్తులెక్కే పని మాత్రం మనకు మిగిలింది. మన అనంతపురం మెట్టలో ఈతచెట్టు ఎక్కేవాళ్లకు మోకే దిక్కు. నల్లమల చెంచులు తేనె కోసం కొండచరియ దిగేటప్పుడు తాడును బావమరిది చేతికిస్తారు. తోడబుట్టినదాని బతుకు ఆ తాడుకే వేలాడుతోందని అతనికి తెలుసు.

అంత నమ్మకం ఉండగా బెల్టు ఎందుకని పెద్దలు అడుగుతారు. మనిషిని నమ్మడం వేరు, తాడును నమ్మడం వేరు. చెయ్యి అలిసిపోతుంది, తాడు రాతికి ఒరుసుకుని తెగుతుంది. బెల్టు కట్టుకోవడం పిరికితనం కాదు, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లకు ఇచ్చే మాట.

అయితే ఒరిసే బెల్టు గుడిసె చూరుకే వేలాడుతుంది. నడుముకొక్కదానికే కడితే, జారినప్పుడు ఊపిరాడదు. బరువు తొడలకూ భుజాలకూ పంచాలి. ఒంటికి సరిపడే బెల్టు అడగడం సుఖం కోరడం కాదు, హక్కు అడగడం. బెల్టు వచ్చాక కూడా, తాడు పట్టిన చెయ్యిని మనం వదులుకోకూడదు.