నేల ఋణం తీరేదెలా?



దసరా నాడు మనం జమ్మిచెట్టును పూజిస్తాం. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని పిల్లలకు చెబుతాం. మ్యూనిక్‌లో జమ్మి దొరకదు కాబట్టి పటం పెట్టుకుని సరిపెట్టుకుంటాం. అసలు జమ్మి మెట్ట ప్రాంతపు చెట్టు. వాన లేని ఏడాదిలోనూ వేళ్లు లోతుకు పంపి పచ్చగా నిలుస్తుంది, పశువులకు మేతనిస్తుంది, నేలకు నత్రజని చేరుస్తుంది. రాజస్థాన్‌లోని ఖేజడ్లీ గ్రామంలో 1730లో ఈ చెట్లను నరకనివ్వకుండా అమృతాదేవితో పాటు 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారని చెబుతారు. ఎండిన నేల మీద బతికేవారికి చెట్టు విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఈ పండుగ వేళ ఒక ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. మన పెద్దలు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడు ఋణాలు చెప్పారు. మనల్ని మోసి, మేపిన నేలకు కూడా ఋణపడి ఉన్నామా? ఉంటే, వేల మైళ్ల దూరం వచ్చేసినంత మాత్రాన అది రద్దవుతుందా?

ఇది ఊరికే వేసిన ప్రశ్న కాదు. ఇస్రో అట్లాసు ప్రకారం 2018-19 నాటికి మన దేశంలో దాదాపు 9.78 కోట్ల హెక్టార్ల భూమి, అంటే దేశ విస్తీర్ణంలో 30 శాతానికి దగ్గరగా, సారం కోల్పోతోంది. ఎడారీకరణను ఆపడానికి 1994లో దేశాలన్నీ ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని కార్యాలయం మనమున్న జర్మనీలోనే, బాన్ నగరంలో ఉంది.

తెలుగునాట ఈ జబ్బు తీవ్రంగా కనిపించేది అనంతపురం సీమలో. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి నది ఇసుక గాలికి లేచి పొలాల మీద మేటలు వేస్తుంది. మిగతా చోట్ల కొర్ర, సజ్జ, కంది కలిపి వేసుకునే చేలల్లో కొన్ని దశాబ్దాలుగా వేరుశనగ ఒక్కటే రాజ్యమేలింది. కోత వచ్చాక చెట్టును వేళ్లతో సహా పీకుతారు. నేల వదులై, బోసిగా మిగులుతుంది. గాలికి కొంత, జడివానకు కొంత పైమట్టి పోతుంది. పంట పోయిన రైతు అప్పు చేసి బోరు వేస్తాడు, అది ఎండితే మరింత లోతుకు ఇంకొకటి.

వైద్యుడిగా నాకు కాలిన గాయాల రోగి గుర్తొస్తాడు. చర్మం పోయినవాడికి మొదటి గండం ఒంట్లో నీరు పోవడమే. పైన కప్పు ఏర్పడేదాకా ఎంత సెలైను ఎక్కించినా చాలదు. నేలకు పైమట్టి, దాని మీది పచ్చదనం చర్మం వంటివి. బోరు సెలైను కూడా కాదు, రోగి ఒంట్లో మిగిలిన నీటినే తోడటం.

“కరువు వాళ్ల కర్మ, మనమేం చేస్తాం” అనేవారున్నారు. వారు చెన్నేకొత్తపల్లి వైపు చూడాలి. 1990లో అక్కడ టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 32 ఎకరాల బీడు భూమిలో మొదలైంది. ఆ దగ్గరలోనే కల్పవల్లి అనే కొండల ప్రాంతాన్ని చుట్టుపక్కల ఊళ్లవారు కాపలా కాశారు. నిప్పు పడకుండా, గొడ్డలి పడకుండా చూశారు. వేల ఎకరాల్లో చెట్టూ గడ్డీ తిరిగి వచ్చాయి. అదే ఎండ, అదే వాన. తేడా మనుషులు చేసిన పనిలోనే ఉంది. కర్మ అంటే అసలు అర్థం పనే కదా!

అయితే పని చేసేది అక్కడి రైతు. మన వంతు ఏమిటి? జవాబు మన కుళాయిలోనే ఉంది. మ్యూనిక్‌కు 1883 నుంచి మాంగ్‌ఫాల్ లోయ నీరు వస్తోంది. ఆ నీరు చెడకుండా ఉండాలని, అక్కడి రైతులు సేంద్రియ సేద్యానికి మారితే నగర సంస్థ 1992 నుంచి వారికి డబ్బు చెల్లిస్తోంది. నీళ్లు తాగేవాడు నేలను కాపాడేవాడికి బాకీ ఉన్నాడని ఈ ఊరు ఒప్పుకుంది. ఇడ్లీలోకి పల్లీ చట్నీ నంజుకునే మనం ఒప్పుకోకూడదా?

ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. మనలో చాలామందికి ఊళ్లో రెండో, అయిదో ఎకరాలున్నాయి. వాటిని ఏటికేడాది నోటిమాట మీద కౌలుకిస్తాం. వచ్చే ఏడు పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలుదారు గట్టు ఎందుకు వేస్తాడు? పశువుల ఎరువు ఎందుకు తోలుతాడు? చెట్టు ఎందుకు నాటుతాడు? అంటే దూరంగా ఉండికూడా మనం నేలను చెడగొట్టగలం. అయిదారేళ్లకు కాగితం రాసిచ్చి, గట్లకూ చెట్లకూ అయ్యే ఖర్చులో భాగం పంచుకుంటే బాగుచేయనూగలం. “పొలం చేజారిపోతుందేమో” అనే భయం సహజమే. ఆ భయానికి మందు స్పష్టమైన రాతకోతలు. ఏటా మనిషిని మార్చడం వల్ల పొలం మనకు దక్కినా మట్టి దక్కదు.

మన సంప్రదాయంలో సప్తసంతానాలని ఉన్నాయి. కొడుకుతో సమానంగా గుడి, తోట, చెరువు కూడా సంతానమే. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు తవ్వించిన చెరువు శాసనంలో నేటికీ నిలిచి ఉంది. మన పిల్లల చదువుకు ఎంత ఆలోచిస్తామో మనకు తెలుసు. ఏడుగురు సంతానంలో ఒక్కరి గురించే ఆలోచించడం ధర్మమా?

ఋణమంటే నేరం కాదు, బంధం. ఒక్కసారి చందా ఇస్తే తీరేది కాదు. మధుమేహానికి మందులా ఏళ్ల తరబడి శ్రద్ధగా సాగాల్సిన పని. ఈ దసరాకి ఊరికి ఫోను చేసినప్పుడు క్షేమ సమాచారాలతో పాటు మన చేనికి గట్టు ఉందా, గట్టు మీద చెట్టు ఉందా అని అడుగుదాం. లేకపోతే ఒక జమ్మి నాటించమందాం.

అమ్మవారు అందరినీ, అందరినీ మోసే భూదేవినీ చల్లగా చూడాలని కోరుకుంటూ సెలవు.