ఋజువు బరువు ఎవరిది?

పని చెయ్యలేనన్న మనిషి మాటను ఎంతవరకు నమ్మాలన్నది పైకి ఖజానా లెక్కలా కనిపిస్తుంది గానీ, నిజానికి అదొక ధర్మసందేహం. ఒకరి నొప్పి ఇంకొకరికి తెలియదు. ఆ తెలియకపోవడం వల్ల వచ్చే నష్టం ఎవరు భరించాలి? నెదర్లాండ్స్ 1967లో తెచ్చిన వైకల్య బీమా, సంపాదించే శక్తి 15 శాతం తగ్గినా భృతి ఇచ్చింది. కోటిన్నర జనాభాలో 1990 నాటికి భృతి పొందేవారు దాదాపు 9 లక్షలు. దేశమే జబ్బుపడిందన్నాడు ప్రధాని రూడ్ లుబ్బర్స్. అంతమందీ అబద్ధాలాడారని కాదు. ఫ్యాక్టరీలు కుదించుకుపోతున్న రోజుల్లో, వయసు మళ్ళిన కార్మికులను ఆ బీమా కిందికి పంపడం యజమానులకూ కార్మిక సంఘాలకూ కూడా అనుకూలంగా ఉండేది.

అందుకే డచ్చివాళ్ళు యజమానిని నిలదీశారు. 2002 చట్టం ప్రకారం జబ్బుపడ్డ ఆరో వారానికల్లా వైద్యుడి విశ్లేషణ, ఎనిమిదో వారానికల్లా తిరిగి పనిలోకి తెచ్చే ప్రణాళిక సిద్ధం కావాలి. 2004 నుంచి రెండేళ్ళపాటు కనీసం 70 శాతం జీతం యజమానే ఇవ్వాలి. అతని ప్రయత్నం చాలలేదని తేలితే మరో ఏడాది దాకా. బ్రిటన్ 2008లో పని సామర్థ్య పరీక్ష పెట్టి రోగినే నిలదీసింది. ఆగకుండా 50 మీటర్లు నడవలేకపోతే 15 పాయింట్లు, భృతికి అర్హత. ఇలా శరీరాన్ని మార్కుల పట్టికలోకి దించింది. పనికి తగినవారన్న నిర్ణయాలు అప్పీళ్ళలో పెద్ద సంఖ్యలో తారుమారయ్యాయి.

యజమాని మీద భారం వేస్తే జబ్బుమనిషిని అసలు పనిలోకే తీసుకోడు కదా అంటారు. నిజమే. ఆరోగ్యం గురించి ముందే అడగకూడదని చట్టం ఉన్నా, డచ్చి సంస్థలు తాత్కాలిక కాంట్రాక్టుల వైపు జరిగాయి. పైగా 2006 నుంచి సామర్థ్య నష్టం 35 శాతానికి తగ్గితే వైకల్య భృతే లేదు. ఇవి చిన్న లోపాలేమీ కావు. కానీ భారమంతా ఒక్క యజమాని నెత్తిన వెయ్యకూడదనే ఇవి చెబుతాయి, తిరిగి రోగి నెత్తికెత్తమని కాదు. మరి దొంగ రోగులో? ఉంటారు. వాళ్ళకు పోయే డబ్బు లక్షలమంది పన్నుల్లో సర్దుకుంటుంది. నిజమైన రోగిని కాదన్న తప్పు మాత్రం ఒక్క ఇంటి మీదే పడుతుంది. బ్రిటన్‌లో 2013 నుంచి, అప్పీలుకు ముందు తప్పనిసరి చేసిన పునఃపరిశీలన ముగిసేదాకా రోగి భృతి ఆగిపోయేది. నిర్ణయం తప్పని తర్వాత తేలినా, ఆ వారాల అద్దె అప్పటికే కట్టవలసి వచ్చింది.