కనబడని జీవి, ఆస్వాదించే మనిషి: కోరింగ మడ అడవి నేపథ్యంలో ఒక నైతిక విచారణ

కాకినాడకు దక్షిణంగా, గౌతమీ గోదావరి సముద్రాన్ని చేరే చోట కోరింగ మడ అడవి ఉంది. 1978లో దానిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. చెట్ల నడుమ, నేలకు ఎత్తుగా కట్టిన బాటపై సందర్శకులు నడుస్తారు. ఆటుపోట్లకు తడిసే అక్కడి బురదలో గాలి చొరబడదు. అందుచేత తెల్లమడ, నల్లమడ వంటి చెట్లు శ్వాసవేళ్లను నేలపైకి పంపుతాయి. వాటిని తొక్కడం చెట్టు ఊపిరికి అడ్డుపడడమే. ఎత్తైన బాట సౌకర్యం మాత్రమే కాదు, పాదానికి విధించిన హద్దు కూడా.

ఈ అడవిలో నీటిపిల్లి నివసిస్తుంది. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరిన జీవి. అంతరించే ముప్పు ఉన్న ఇటువంటి ప్రాణి నివాసంలోకి కేవలం ఆనందం కోసం ప్రవేశించడం న్యాయమేనా?

ప్రవేశమే తగదన్నది ఒక వాదం. చూడనిదానిని మనిషి ప్రేమించడు, ప్రేమించనిదానిని కాపాడడు అన్నది దానికి ప్రత్యుత్తరం. మొదటి వాదం ఈ కాలువలపై ఆధారపడి బతికే మత్స్యకారులను విస్మరిస్తుంది. మనిషి అక్కడ కేవలం పరాయివాడు కాడు. రెండవ వాదం కంటికి కనబడని ప్రాణికి రక్షణ పొందే అర్హతే లేదన్నంత దూరం పోగలదు.

ఈ చిక్కును విప్పడానికి అలంకారశాస్త్రం కొంత తోడ్పడుతుంది. భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణంలో ప్రేక్షకుడు 'నాది' అనే భావాన్ని విడిచి ఆస్వాదిస్తాడు. సొంత సుఖదుఃఖాలలో మునిగిపోవడాన్ని అభినవగుప్తుడు రసవిఘ్నాలలో ఒకటిగా లెక్కించాడు. 'నాకు కనబడాలి, నా కెమెరాకు చిక్కాలి' అనే ఆరాటం అడవిలో అటువంటి విఘ్నమే.

అయితే పోలిక ఇక్కడితో ఆగాలి. రంగస్థలంపై పాత్రకు ప్రేక్షకుని వల్ల ప్రాణభయం లేదు. అడవిలో చూడబడేది కూడా చూస్తుంది, వెరుస్తుంది. పడవను మరికాస్త దగ్గరకు పోనిమ్మని సందర్శకుడు కోరితే, మేత మేస్తున్న కొంగ లేచిపోతుంది. అతనికి అది క్షణకాలపు దృశ్యం. కొంగకు తప్పిన మేత, వృథా అయిన శక్తి. కనుక మమకారాన్ని మనసులో విడవడం చాలదు. దూరం పాటించడంలో అది క్రియగా మారాలి. రసదృష్టి నీతిని కోరేది ఇక్కడే.

నీటిపిల్లి ఎక్కువగా రాత్రివేళ వేటాడుతుంది. పగటి సందర్శకునికి అది సాధారణంగా కనబడదు. దానిని లోటుగా భావించేవాడు అడవిని ప్రదర్శనశాలగా ఎంచుతున్నాడు. తన చూపుకు అందని జీవితం అక్కడ నిరాటంకంగా సాగుతున్నదన్న ఎరుకతో తృప్తిపడేవాని ఆస్వాదన నిర్దోషమైనది. ఎందుకంటే అతని ఆనందానికి ఆ ప్రాణి తన స్వేచ్ఛను మూల్యంగా చెల్లించలేదు.